వట్టి గంపలో పొదుగుకు కూర్చున్న కోడి: లేపాలా, గుడ్లు పెట్టాలా?

ప్రశ్న (అల్వాల్, ఏప్రిల్ 12)

అందరికీ నమస్కారం. మాది అల్వాల్‌లో కొంచెం పెరడు ఉన్న పాత ఇల్లు. మామిడి చెట్టు కింద రెండేళ్లుగా ఐదు కోళ్లను పెంచుకుంటున్నాము. వాటిలో మూడు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు. పుంజు లేదు. తెల్లవారుజామున నాలుగింటికే కూస్తుండటంతో పక్కింటివారికి నిద్ర ఉండటం లేదని, ఏడాది కిందట దాన్ని చేవెళ్ల దగ్గర ఉన్న మా పిన్నిగారింటికి పంపించేశాము.

నా బాధంతా నాటు పెట్టల్లో గోధుమరంగు దాని గురించే. అది ఆరు రోజులుగా మెట్ల కింద ఉన్న వెదురు గంపలోంచి లేవడం లేదు. దాని కింద గుడ్డు ఒక్కటి కూడా లేదు, గంపలో ఉన్నది వరిగడ్డి మాత్రమే. దగ్గరికి వెళితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని, గొంతులో ఒక రకమైన గురగుర శబ్దం చేస్తూ చేతిని పొడుస్తుంది. ఎత్తి బయట దింపితే గింజలు నాలుగు ఏరుకుని, పెద్ద రెట్ట ఒకటి వేసి, నేను వెనక్కి తిరిగేలోపే మళ్లీ గంపలో ఉంటుంది. మిగిలిన నాలుగూ గుడ్లు పెట్టేది కూడా ఆ గంపలోనే కాబట్టి దాని మీదకే ఎక్కి పెడుతున్నాయి. ఆ తోపులాటలో ఈ వారంలో రెండు గుడ్లు పగిలిపోయాయి.

దీనికి ఇలా జరగడం ఈ ఏడాది ఇది రెండోసారి. జనవరి మొదట్లో కూర్చున్నప్పుడు దానంతట అదే లేస్తుందిలే అని వదిలేస్తే ఐదు వారాలు కూర్చుంది. లేచేసరికి ఒక కిలో 600 గ్రాములు ఉండాల్సిన కోడి ఒక కిలో 300 గ్రాములకు దిగిపోయింది, తురాయి పాలిపోయింది, ఎముకలు చేతికి తగిలాయి. అది కోలుకుని మళ్లీ గుడ్డు పెట్టడానికి మరో నెల పట్టింది. పన్నెండు గుడ్లు పెట్టిందో లేదో, ఇప్పుడు మళ్లీ ఇది మొదలైంది.

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ, కోడిని చల్లని నీళ్ల బకెట్‌లో రెండు మూడు సార్లు ముంచమనీ, అప్పటికీ వినకపోతే దాని ఈకనే ఒకటి పీకి ముక్కు రంధ్రాల గుండా దూర్చి వదిలేయమనీ చెప్పారు. వారి ఊళ్లో అందరూ అలాగే చేస్తారట. ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు గానీ, నాకు చేతులు రాలేదు. ఇంకోవైపు, మా పిన్నిగారింట్లో పుంజుతో తిరిగే పెట్టల గుడ్లు తెచ్చి దీని కింద పెట్టి పిల్లలను చేయించమని మా వారు అంటున్నారు. ఎండలు చూస్తే ఇలా ఉన్నాయి. దీన్ని పొదుగు మాన్పించడం మంచిదా, గుడ్లు పెట్టడం మంచిదా? మాన్పించాలంటే కోడికి బాధ కలగని మార్గం ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే నిజంగా మేలు చేసినవారవుతారు.

సమాధానం (రాజేంద్రనగర్)

అమ్మా, మీరు రాసిన లక్షణాలన్నీ పొదుగుకోడివే, జబ్బువి కావు. అనుమానం తీరాలంటే ఈ రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి చూడండి. మిగిలిన కోళ్లన్నీ అడ్డకర్ర మీదికి ఎక్కి పడుకుని ఉండగా ఇది మాత్రం గంపలోనే బల్లపరుపుగా పరుచుకుని కూర్చుని ఉంటే, పొదుగుకు వచ్చిందనడానికి అంతకంటే గట్టి గుర్తు లేదు. పొట్ట కింద ఈకలు పలచబడి వెచ్చని చర్మం చేతికి తగులుతుంది, అదీ చూడండి. పశువుల ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్నను పల్లెల్లోనూ పట్నంలోనూ ఎంతోమంది నోట విన్నాను.

అది ఎందుకలా కూర్చుంటుందో తెలుసుకుంటే ఏం చేయాలో తేలిక అవుతుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలవడం వల్ల కోడికి పొదిగే కోరిక కలుగుతుంది. అది పెరిగే కొద్దీ గుడ్డును తయారు చేయించే హార్మోన్లు తగ్గి, అండాశయం ముడుచుకుపోయి, గుడ్లు ఆగిపోతాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ ప్రోలాక్టిన్‌ను పెంచి నిలబెట్టేది కూడా కూర్చోవడమే. పొట్ట కింది చర్మానికి గడ్డి, గంప, గుడ్లు తగులుతూ ఉన్నంతసేపూ, ఆ చోటు చీకటిగా, వెచ్చగా ఉన్నంతకాలమూ "ఇంకా కూర్చో" అన్న కబురు మెదడుకు వెళుతూనే ఉంటుంది. గుడ్లు నిజంగా ఉంటే 21 రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వాటి అరుపులతో, కదలికలతో కోడి మనసు పొదగడం నుంచి సాకడం వైపు మళ్లుతుంది. మీ కోడి కింద గుడ్లే లేవు కాబట్టి పిల్లలు వచ్చే రోజంటూ దానికి రాదు. జనవరిలో ఐదు వారాలు కూర్చున్నది అందుకే. అది దాని మొండితనం కాదు, ముగింపు దొరకకపోవడం.

కాబట్టి మాన్పించాలంటే పొట్ట కింద వెచ్చదనాన్ని, మెత్తదనాన్ని, చీకటిని తీసివేయాలి. దానికి మేము ఎప్పుడూ చెప్పేది తీగల అడుగు ఉన్న పంజరం. అరంగుళం నుంచి అంగుళం కన్ను ఉన్న జాలీ అడుగు కలిగిన పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, కింద నుంచి గాలి ఆడేలా చేసి, కోడిని అందులో ఉంచండి. గడ్డి, గోనెపట్టా, పాతగుడ్డ ఏదీ వేయకూడదు. ఒక మూలకు ముడుచుకుని కూర్చోవడానికి చిన్న గుడ్డపీలిక దొరికినా అది దాన్నే గూడు చేసుకుంటుంది. పంజరం లేకపోతే కూరగాయల మార్కెట్‌లో టమాటాలు వచ్చే ప్లాస్టిక్ క్రేట్లు రెండు తీసుకోండి. అడుగున చిల్లులు బాగా ఉన్నదాన్ని ఇటుకల మీద పెట్టి, రెండోదాన్ని దాని మీద బోర్లించి తాడుతో కడితే పని జరుగుతుంది. కోడి నిలబడగలిగేంత ఎత్తు, అటూ ఇటూ తిరగగలిగేంత చోటు మాత్రం తప్పకుండా ఉండాలి. మిగిలిన కోళ్లు కళ్ల ముందు తిరుగుతూ ఉండే చోట, వెలుతురు ఉన్న చోట పెట్టండి. ఇప్పుడున్న ఎండలకు ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు: వెలుతురు అంటే ఎండ కాదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట హైదరాబాదు ఎండలో పంజరంలో ఉన్న కోడి పక్కకు తప్పుకోలేదు కాబట్టి గంటలోనే ప్రాణం మీదికి వస్తుంది. మామిడి చెట్టు దట్టమైన నీడలో గానీ, వరండాలో గానీ ఉంచండి. రాత్రి పిల్లులు, పందికొక్కులు చేరని చోటికి మార్చండి. మేత, చల్లని నీళ్లు పూర్తిగా అందుబాటులో ఉండాలి. కడుపు మాడిస్తే త్వరగా మానుతుందని కొందరు అంటారు. అప్పటికే ఆకలి చంపుకుని చిక్కిపోయిన కోడిని ఇంకా మాడ్చడం తప్పు.

మూడు పగళ్లు, మూడు రాత్రులు అలా ఉంచి, మూడో రోజు పొద్దు వాలే వేళకు వదిలి చూడండి. తిన్నగా గంప వైపు పరుగెత్తితే మళ్లీ రెండు రోజులు పంజరంలో ఉంచాలి. మిగిలిన వాటితో కలిసి తిరిగి, చీకటి పడగానే అడ్డకర్ర ఎక్కితే మానినట్టే. ఒకటి రెండు రోజుల్లోనే గుర్తించి లేపిన కోడి త్వరగా మళ్లీ గుడ్డుకు వస్తుంది. మీ కోడి ఆరు రోజులు కూర్చుంది కనుక మానిన తరువాత రెండు మూడు వారాలు పట్టవచ్చు.

నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక దూర్చడం నేనూ చిన్నప్పటి నుంచి చూసినవే. పొట్ట చల్లబడితే కోడి లేస్తుందని పెద్దలు కనిపెట్టినది నిజమే, ఆ చల్లదనాన్నే పంజరం కింద గాలి రోజంతా నెమ్మదిగా ఇస్తుంది. నీళ్లలో ముంచితే ఆ చల్లదనం ఈకలు ఆరేదాకే నిలుస్తుంది, బెదిరిన కోడి నీళ్లు పీల్చుకుంటే ఊపిరితిత్తులు చెడతాయి. ముక్కులో ఈక సంగతి అంతకంటే కష్టం. లోపలి పొర చిట్లి చీము పట్టి, ఊపిరి ఆడక నోరు తెరుచుకుని కూర్చున్న కోళ్లను ఆసుపత్రికి తెచ్చినవారు ఉన్నారు. నొప్పితో మేత మానిన కోడిని పొదుగు మానిందని అనుకోవడం పొరపాటు. మీ చేతులు రాకపోవడమే మంచిదైంది.

మీ గ్రామప్రియ పెట్టలు ఇలా కూర్చోకపోవడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉంది. వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను ఇక్కడ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించింది. గ్రామప్రియను ముఖ్యంగా గుడ్ల కోసమే తీర్చిదిద్దారు. పెరట్లో తిరుగుతూ ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెట్టగలిగే కోడికి పొదుగుకు కూర్చునే తీరిక ఉండదు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది, కానీ తల్లితనం దానిలో అలాగే మిగిలి ఉంది. రెండింటినీ ఒకే లెక్కతో చూడకండి.

సమాధానం (వనస్థలిపురం)

పై సమాధానం రాసిన పెద్దాయన మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే గుడ్లు పెట్టి పిల్లలను చేయించడం గురించి మీ వారు అడిగారు కాబట్టి, ఆ పని నాలుగుసార్లు చేసి ఒకసారి బాగా నష్టపోయినదానిగా నా అనుభవం రాస్తాను.

నష్టపోయింది మే నెలలోనే. మా అత్తగారి ఊరు నుంచి 12 గుడ్లు మధ్యాహ్నం పూట బండి మీద తెచ్చాము. అప్పటికే వాటిలో కొన్ని పది రోజుల నాటివి. నాలుగు మాత్రమే పిల్లలయ్యాయి. మిగిలినవి 22వ రోజున పగలగొట్టి చూస్తే సగం ఎదిగి చచ్చిపోయినవి కొన్ని, అసలు మొదలే కానివి కొన్ని. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. తప్పు కోడిది కాదు, మాదే. గుడ్డు ఉన్న చోట వేడి 27 డిగ్రీలు దాటితే కోడి కూర్చోకుండానే లోపల పిండం కొంచెం కదలడం మొదలుపెడుతుంది, అయితే పూర్తిగా ఎదగడానికి ఆ వేడి చాలదు, అందుకని బలహీనపడి మధ్యలో పోతుంది. చలికాలంలో వారం రోజుల గుడ్డునైనా నమ్మవచ్చు గానీ, వేసవిలో మూడు నాలుగు రోజులు దాటిన గుడ్డును నేను ఇప్పుడు గంపలో పెట్టను. మా అమ్మమ్మ వేసవిలో గుడ్లను దాచే పద్ధతి ఇప్పటికీ నాకు ఆదర్శం: వెడల్పు మూతి ఉన్న పెద్ద కుండలో సగం దాకా ఇసుక పోసి తడిపి, దాని మీద చిన్న ముంతను కుదురుగా నిలిపి, ముంతలో పొడి గుడ్డ పరిచి గుడ్లు ఉంచి, పైన పలచని బట్ట కప్పి, నీడపట్టున ఉంచేది. ఇసుక ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లేది. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన గుడ్లు మాత్రం పొదగడానికి వద్దు.

మీరు ఎప్పుడైనా పెట్టదలచుకుంటే కొన్ని సంగతులు మనసులో ఉంచుకోండి. మీ దగ్గర పుంజు లేదు కాబట్టి మీ కోళ్ల గుడ్లు ఎన్ని పెట్టినా పిల్లలు కావు. దుకాణంలో కొన్న ఫారం గుడ్లూ అంతే. చేవెళ్ల నుంచి గుడ్లు తేవాలంటే తెల్లవారుజామున బయలుదేరి, తవుడు నింపిన డబ్బాలో మొన దిగువకు ఉండేలా అమర్చి, ఒళ్లో పెట్టుకుని రండి. తెచ్చిన వెంటనే కోడి కింద పెట్టకుండా సగం రోజు కదపకుండా ఉంచితే దారిలో కుదుపులకు చెదిరిన లోపలి గాలిగది సర్దుకుంటుంది. ఈలోగా కోడిని రాత్రి చీకట్లో, మిగిలినవి చేరని వేరే గదిలోకి, వేరే గంపలోకి మార్చి, రెండు రోజులు మామూలు గుడ్లు రెండు కింద ఉంచి చూడండి. పగలు మారిస్తే పాత చోటికే పరుగెడుతుంది. కొత్త గంపలో స్థిరపడిందని నమ్మకం కుదిరిన తరువాత రాత్రిపూట అసలు గుడ్లన్నీ ఒకేసారి పెట్టాలి. మీ కోడి ఉన్న బరువుకు తొమ్మిది లేదా పది గుడ్లు చాలు. రెక్కల కింద నుంచి ఒక్క గుడ్డు బయటికి కనిపించినా ఎక్కువైనట్టే, ఎందుకంటే అది గుడ్లను రోజూ తిప్పుతూ లోపలివి బయటికి, బయటివి లోపలికి మారుస్తుంది కాబట్టి, చల్లబడే వంతు ఒకదాని తరువాత ఒకటిగా అన్నింటికీ వస్తుంది.

ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గీత గీయడం మరవకండి. వేరే పెట్ట వచ్చి అందులో గుడ్డు పెట్టిపోయినా గీత లేనిదాన్ని సాయంత్రం తీసేయవచ్చు. నేను మొదటిసారి ఈ పని చేయక, వేర్వేరు రోజుల గుడ్లు కలిసిపోయి, ముందు పుట్టిన నలుగురిని వెంటబెట్టుకుని కోడి లేచిపోతే, లోపల పిల్ల కదులుతున్న మూడు గుడ్లు గంపలో చల్లబడిపోవడం చూశాను. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డును పట్టి చూస్తే, పిల్ల ఎదుగుతున్న దానిలో సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. వట్టి గుడ్డు మొత్తం తేటగా ఉంటుంది. వట్టివాటిని తీసేయాలి, లేకపోతే మురిగి పగిలి మిగిలినవాటిని పాడుచేస్తాయి. పద్దెనిమిదో రోజు తరువాత ఇక గంప జోలికి వెళ్లకూడదు.

మా అమ్మమ్మ గంపలో గడ్డి కింద ఒక ఇనుప మేకు, రెండు బొగ్గు ముక్కలు, ఒక ఎండుమిరపకాయ వేసేది, ఉరుములకు గుడ్లు మురగకుండా ఉంటాయని. దానివల్ల ఏమవుతుందో నేను చెప్పలేను గానీ, నేనూ వేస్తాను. ఆవిడ గుర్తుగా.

ఇదంతా రాసిన తరువాత కూడా నా సలహా ఇప్పుడు పెట్టవద్దనే. పిల్లలు పుట్టేది మే మొదటి వారం అవుతుంది, అది ఇక్కడ 40 డిగ్రీలు దాటే కాలం. పైగా పుట్టేవాటిలో సుమారు సగం పుంజులే ఉంటాయి. ఒక్క పుంజు కూతకే ఇబ్బంది పడిన ఇరుగుపొరుగు మధ్య, ఐదు నెలల తరువాత నాలుగు పుంజులను ఏం చేస్తారో గుడ్లు పెట్టకముందే నిర్ణయించుకోవాలి.

సమాధానం (కాప్రా)

పైన ఇద్దరూ వివరంగా రాశారు, నేను రెండే రెండు విషయాలు చేర్చదలిచాను.

మొదటిది పేను. కదలకుండా ఒకే చోట కూర్చునే కోడికి, మట్టిలో పొర్లాడే అలవాటు తప్పిపోయి, కోడిపేను విపరీతంగా పడుతుంది. రెక్క కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి. పాకుతున్నవి కనిపిస్తే గంపలోని గడ్డినంతా తీసి కాల్చేసి, గంపను ఎండలో రెండు రోజులు బోర్లించండి. చెట్టు కింద ఒక మూల పొడి మన్ను, కట్టెల బూడిద కలిపి గుంట చేసి ఉంచితే, లేచిన కోడి తానే వెళ్లి పొర్లుతుంది. మా ఊళ్లో గంపలో గడ్డి కింద వావిలాకు, వేపాకు పరిచేవారు. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. పేను ఎక్కువగా ఉంటే మాత్రం పశువైద్యుణ్ణి అడిగి మందు చల్లించాలి. పొలానికి కొట్టే పురుగుమందులు కోడి మీద వాడకండి.

రెండోది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మూడేళ్ల కిందట మే నెలలో మా నల్ల పెట్ట రేకుల షెడ్డులో పొదుగుకు కూర్చుంది. నీళ్లు గిన్నెలో ఉన్నాయి, మేత ఉంది, అన్నీ ఉన్నాయి కాబట్టి పరవాలేదనుకుని పనికి వెళ్లిపోయాను. రేకు కింద వేడికి మిగిలిన కోళ్లు బయటికి వచ్చి నీడలో నోరు తెరుచుకుని నిలబడ్డాయి. అది మాత్రం గుడ్లను వదిలి లేవలేదు. సాయంత్రం నేను వచ్చేసరికి గుడ్ల మీదే రెక్కలు పరిచి చనిపోయి ఉంది. పొదుగుకోడి తనను తాను కాపాడుకోవడానికి లేస్తుందని ఎప్పుడూ అనుకోవద్దు. దాన్ని మాన్పించాలనుకున్నా, కూర్చోబెట్టాలనుకున్నా, ఈ రోజుల్లో మధ్యాహ్నం ఒకసారి ఎత్తి నీళ్ల దగ్గర దింపే మనిషి ఇంట్లో ఉండాలి. మీ మెట్ల కింద చోటుకు గాలి ఆడుతుందో లేదో ఈరోజే చూడండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (అల్వాల్, ఏప్రిల్ 13)

ముగ్గురికీ ఎంతగా కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. కాప్రా వారు రాసింది చదివి వెంటనే వెళ్లి మెట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. పైన కాంక్రీటు కాలిపోతోంది, లోపల గాలి లేదు. పేను కూడా కనిపించింది, కొంచెమే. గంపను తీసి ఎండలో పెట్టాము, రెండు క్రేట్లు తెచ్చి పంజరం కట్టాము. ఈ సాయంత్రం నుంచి వరండాలో ఉంచుతున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. పిల్లల మీద మా వారికి ఉన్న ఆశ అలాగే ఉంది. గుడ్లకు బదులు హేచరీ నుంచి ఒక్క రోజు వయసు పిల్లలను తెచ్చి కోడి కింద వదిలితే సాకుతుందా?

సమాధానం (రాజేంద్రనగర్)

సాకుతుందమ్మా, కానీ ఇప్పుడు కాదు. కనీసం రెండు వారాలైనా పొదుగు మీద ఉన్న కోడి అయితేనే పిల్లలను నమ్మకంగా దగ్గరికి తీసుకుంటుంది. ఆరు రోజులకే ఇస్తే పొడిచి చంపే ప్రమాదం ఉంది. అలాంటి కోడి దొరికినప్పుడు రాత్రి చీకట్లో, కింద ఉన్న గుడ్లను ఒక చేత్తో తీస్తూ ఇంకో చేత్తో పిల్లలను రెక్కల కిందికి జార్చాలి. తెల్లవారేసరికి అవి దాని పిల్లలైపోతాయి. అయినా తెల్లవారుజామునే మీరు పక్కన ఉండి చూడాలి. ఈ పద్ధతిలో ఒక లాభం, హేచరీలో మొదటి రోజే మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే వైరస్ జబ్బు) టీకా వేసి ఇస్తారు. ఇంట్లో పొదిగిన పిల్లలకు ఆ టీకా వేయించడం మనకు సాధారణంగా వీలుపడదు.

పిల్లలు ఎలా వచ్చినా కొక్కెర రోగానికి, మిగిలిన జబ్బులకు టీకాలు మానవద్దు. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా (కొక్కెర రోగం టీకా) ఒక చుక్క కంట్లో, రెండు వారాలకు గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిది పది వారాల మధ్య మళ్లీ కొక్కెర రోగానికే ఆర్‌టూబీ అనే టీకా సూది. చిన్న సీసాలో కూడా వంద పిల్లలకు సరిపోయే మందు ఉంటుంది, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. అందువల్ల చుట్టుపక్కల కోళ్లు పెంచేవారు నలుగురూ కలిసి ఒకే రోజు వేయించుకుంటే వృథా కాదు. ఇంకొకటి, తల్లీ పిల్లలూ కలిసి ఉన్నన్ని రోజులు అందరికీ పిల్లల మేతే పెట్టండి. గుడ్ల కోళ్ల మేతలో ఉండే ఎక్కువ కాల్షియం పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. గుడ్లు పెట్టడం ఆపిన తల్లికి పిల్లల మేత వల్ల ఏ లోటూ రాదు.

ప్రశ్న అడిగినవారు (అల్వాల్, మే 4)

జరిగింది రాయడం నా బాధ్యత అనిపించి మళ్లీ వచ్చాను. ఏప్రిల్ 16 సాయంత్రం వదిలి చూస్తే, గంప తీసేసిన ఖాళీ చోటికే వెళ్లి నేల మీద కూర్చుంది. చూసి గుండె తరుక్కుపోయింది. మళ్లీ పంజరంలో పెట్టి, మధ్యాహ్నాలు జాలీ కింద తడి గోనెపట్టా పరిచి, కింది గాలి చల్లగా తగిలేలా చేశాము. 18 సాయంత్రం వదిలితే మొదట బూడిద గుంటలో పదిహేను నిమిషాలు పొర్లింది. తరువాత మిగిలినవాటి వెంట చెట్టు చుట్టూ తిరిగి, చీకటి పడుతుండగా అడ్డకర్ర మీద నల్లదాని పక్కన ఎక్కి కూర్చుంది. అప్పటి నుంచి గుడ్లను పొద్దున పదింటికీ, మధ్యాహ్నం రెండింటికీ తీసేస్తున్నాను. సాయంత్రం గంపలను పైకి ఎత్తేస్తున్నాను.

గత వారం నుంచి తురాయి మళ్లీ ఎర్రబడింది. బరువు ఒక కిలో 500 దాటింది. చలికాలంలో అది మళ్లీ కూర్చుంటే ఈసారి తొమ్మిది గుడ్లు పెట్టాలని, పుంజులు పుడితే పిన్నిగారింటికే పంపాలని ఇంట్లో అందరం మాట్లాడుకున్నాము. పిన్నిగారు సరేనన్నారు. ఇసుక కుండ కోసం పాత కుండ ఒకటి కడిగి పెట్టాను. ఈ ఉదయం తొమ్మిదింటికి గోధుమరంగు పెట్ట కొత్త గంపలోకి వెళ్లి, అరగంట తరువాత అరుచుకుంటూ బయటికి వచ్చింది. గుడ్డు చిన్నదే, 38 గ్రాములు ఉంది. తీసేటప్పుడు ఇంకా వెచ్చగా ఉంది, కోడి మాత్రం అప్పటికే చెట్టు కింద నూకలు ఏరుకుంటోంది.